గువామ్ వెళ్ళే తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

గువామ్ అంటే దేశమా? అమెరికాలో రాష్ట్రమా?

రెండూ కాదు. పసిఫిక్ మహాసముద్రంలో, ఫిలిప్పీన్స్‌కు తూర్పున, జపాన్‌కు దక్షిణాన ఉన్న దీవి ఇది. వైశాల్యం సుమారు 540 చదరపు కిలోమీటర్లు. పొడవు 48 కిలోమీటర్లకు మించదు, నడుం దగ్గర వెడల్పు ఆరేడు కిలోమీటర్లే. 2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ ఉన్నది 1,53,836 మంది. రాజధాని హగాట్న్యా. అసలు జనసందడి మాత్రం దగ్గర్లోని తమునింగ్ (హోటళ్ళుండే తుమోన్ దీనిలోదే), దెదెదో గ్రామాల్లో కనిపిస్తుంది. ఊళ్ళు ఎంత పెద్దవైనా ఇక్కడ వాటిని గ్రామాలనే అంటారు. అలాంటివి 19 ఉన్నాయి.

అమెరికా ఏలుబడిలో ఉంది కానీ రాష్ట్రం కాదు. ఇక్కడ పుట్టినవాళ్ళు 1950 నుంచి అమెరికా పౌరులే. అయినా దీవిలో కాపురముంటే అధ్యక్షుడి ఎన్నికలో ఓటు లేదు. వాషింగ్టన్‌లోని ప్రతినిధుల సభకు ఒకరిని పంపుతారు, బిల్లుల మీద తుది ఓటు ఆ ఒకరికీ లేదు. మీకు రాబోయే సందేహాల్లో చాలావాటికి మూలం ఈ సగం సగం హోదాయే. డాలరు, తపాలా బిళ్ళ, పోలీసు కారు చూస్తే అమెరికా. విమానాశ్రయంలో మాత్రం విదేశంలా ఉంటుంది. వీధిలోకి వస్తే కొరియా, జపాన్, ఫిలిప్పీన్స్ కలిసిన ఊరిలా ఉంటుంది.

అమెరికా చేతికి ఎలా వచ్చింది?

కాస్త తమాషాగా వచ్చింది. స్పెయిన్ తరఫున బయల్దేరిన నావికుడు మెగలాన్ 1521లో ఇక్కడ దిగాడు. 1565లో స్పెయిన్ ఈ దీవి తనదేనని ప్రకటించుకుంది. 1668లో జెస్యూట్ మతగురువు శాన్ విటోరెస్ వచ్చి క్రైస్తవం మొదలుపెట్టాక యుద్ధాలు, రోగాలు వచ్చి ఈ దీవి మూలవాసులైన చమోరో జనం భయంకరంగా తగ్గిపోయారు. 1898 జూన్‌లో చార్లెస్టన్ అనే అమెరికా యుద్ధనౌక అప్రా రేవులోకి వచ్చి ఫిరంగులు పేల్చింది. స్పెయిన్‌తో యుద్ధం మొదలైన కబురు దీవికి ఇంకా చేరలేదు. అక్కడి స్పెయిన్ అధికారులు దాన్ని మర్యాద వందనం అనుకుని, తిరిగి పేల్చడానికి మందుగుండు లేదని చెప్పుకోవడానికి పడవలో ఎదురు వెళ్ళారు. తాము యుద్ధఖైదీలమని వాళ్ళకు అప్పుడు తెలిసింది.

1941 డిసెంబర్‌లో జపాన్ ఆక్రమించింది. 1944 జూలై 21న అమెరికా సేనలు తిరిగి దిగాయి. ఆ తేదీ ఇక్కడ పెద్ద పండగ, ఊరేగింపు చూడాలంటే అప్పుడే వెళ్ళాలి.

ఇండియన్ పాస్‌పోర్టుకు వీసా కావాలా? వీసా లేకుండా వెళ్ళొచ్చని ఎవరో అన్నారు.

ఆ ఎవరో జపాన్ వాళ్ళనో కొరియా వాళ్ళనో దృష్టిలో పెట్టుకుని అన్నారు. గువామ్‌కూ ఉత్తర మరియానా దీవులకూ కలిపి 45 రోజుల వీసా మినహాయింపు ఒకటి ఉంది. అది కొన్ని దేశాలకే, అందులో భారత్ లేదు. మామూలు అమెరికా సందర్శక వీసా, అంటే బి1/బి2 ఉండాల్సిందే. తెలుగు రాష్ట్రాల వాళ్ళు హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి వెళ్ళాలి. గువామ్‌కని విడిగా వేరే వీసా ఉండదు. ఇప్పటికే పదేళ్ళ బి1/బి2 ఉన్న అమ్మానాన్నలకు అదే చాలు.

నేను హెచ్-1బి మీద డాలస్‌లో ఉన్నాను. వీసా స్టాంపింగ్ (పాస్‌పోర్టులో అతికించే వీసా) గడువు అయిపోయింది, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) మాత్రం ఉంది. గువామ్ వెళ్ళొచ్చా?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి. అమెరికా వలస చట్టం గువామ్‌ను అమెరికాలో భాగంగానే లెక్కిస్తుంది. హవాయిలోని హొనొలులు నుంచి ఎక్కడా ఆగకుండా గువామ్ వెళ్ళి, అదే దారిలో తిరిగి వస్తే మీరు దేశం దాటినట్టు కాదు. కానీ గువామ్ నుంచి బయల్దేరేటప్పుడు ఫెడరల్ ఇమిగ్రేషన్ అధికారులు పత్రాలు చూస్తారు. హైదరాబాద్ నుంచి న్యూయార్క్‌లో దిగినప్పుడు అడిగినట్టే ప్రశ్నలు అడగొచ్చు. పాస్‌పోర్టు, ఐ-94, ఐ-797 (హెచ్-1బి మంజూరు పత్రం), ఈమధ్యటి పే స్లిప్పులు చేతిలో ఉంచుకోండి.

దారి మారిస్తే కథ మారిపోతుంది. టోక్యో, సియోల్, మనీలాల మీదుగా వెళితే మీరు అమెరికా వదిలినట్టే, తిరిగి రావడానికి చెల్లుబాటయ్యే స్టాంపింగ్ ఉండాలి. యునైటెడ్ వారి ‘ఐలండ్ హాపర్’ అనే విమానం మరో చిక్కు. హొనొలులు నుంచి మజురో, క్వాజలీన్, కొస్రాయ్, పొన్‌పెయ్, చుక్ దీవుల్లో ఆగుతూ గువామ్ చేరుతుంది. దారి అద్భుతంగా ఉంటుంది కానీ మధ్యలో తగిలేవి మార్షల్ దీవులు, మైక్రోనేషియా అనే వేరే దేశాలు. స్టాంపింగ్ లేనివాళ్ళు దాని జోలికి పోకండి. మీది పొడిగింపు మధ్యలో ఉన్న కేసయితే, మీ కంపెనీ లాయర్‌ను ఒక మాట అడిగాకే టికెట్ కొనండి. బీచ్ ఎక్కడికీ పోదు.

ఇండియా నుంచి ఎలా వెళ్ళాలి?

నేరుగా విమానం లేదు. హైదరాబాద్ నుంచి ఏ బ్యాంకాక్‌కో సింగపూర్‌కో వెళ్ళి, అక్కడి నుంచి మనీలా, సియోల్, టోక్యోల్లో ఒకటి పట్టుకోవాలి. ఆ మూడు నగరాల నుంచి గువామ్ నాలుగు గంటలు అటూ ఇటూ. మొత్తం ఒకే టికెట్ మీద తీసుకోండి. విడివిడిగా చవక టికెట్లు కొంటే మధ్యలో సామాను తీసుకుని మళ్ళీ చెకిన్ చేయాల్సి వస్తుంది, దానికి ఆ దేశపు వీసా అడిగే ప్రమాదం ఉంది. అమెరికా వైపు నుంచి హొనొలులు మీదుగా వెళితే ఆ చివరి అంచె ఎనిమిది గంటల దాకా పడుతుంది.

అక్కడ టైమ్ ఎంత?

మనకంటే నాలుగున్నర గంటలు ముందు. హైదరాబాద్‌లో మధ్యాహ్నం 12 అయితే అక్కడ సాయంత్రం 4:30. ఇంటికి ఫోన్ చేసుకోవడానికి ఇబ్బంది లేదు. అంతర్జాతీయ దినరేఖ హవాయికీ గువామ్‌కీ మధ్య నుంచి పోతుంది కాబట్టి అమెరికా నుంచి వెళ్ళేవాళ్ళు ఒక రోజు పోగొట్టుకుంటారు. శుక్రవారం పొద్దున హొనొలులులో ఎక్కితే దిగేది శనివారం. హోటల్ బుకింగ్‌లో తేదీ తప్పు పడేది ఇందుకే. ‘అమెరికాకు తెల్లవారేది ఇక్కడే’ అని గువామ్ వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు.

ఏ నెలలో వెళితే బాగుంటుంది?

జనవరి నుంచి మే దాకా. ఏడాది పొడవునా 24 నుంచి 31 డిగ్రీల మధ్యే ఉంటుంది, చలి అనే మాట లేదు. జూలై నుంచి నవంబర్ దాకా వానలు. రోజంతా ముసురు పట్టదు, గట్టిగా కురిసి వెలుస్తుంది, వెంటనే ఉక్క. విశాఖ, కాకినాడల్లో పెరిగినవాళ్ళకు కొత్తగా ఏమీ అనిపించదు.

తుపాన్ల సంగతి?

టైఫూన్ అన్నా మన తుపాను అన్నా ఒకటే, సముద్రాన్ని బట్టి పేరు మారుతుంది. పసిఫిక్‌లో ఈ మూల ఏ నెలలోనైనా రావచ్చు. 2002లో పొంగ్సోనా వచ్చింది డిసెంబర్‌లో. 2023లో మవార్ వచ్చింది మే 24న. మవార్ తర్వాత విమానాశ్రయం కొన్ని రోజులు మూతపడి వేల మంది కొరియా పర్యాటకులు హోటళ్ళలో చిక్కుకుపోయారు, కరెంటు, నీళ్ళు చాలాచోట్ల ఆగిపోయాయి. హుద్‌హుద్ నాటి విశాఖ గుర్తున్నవాళ్ళకు వివరించనక్కర్లేదు. ఇళ్ళు, హోటళ్ళు ఎక్కువగా కాంక్రీటువే కాబట్టి ప్రాణభయం తక్కువ, ఇబ్బంది ఎక్కువ.

హెచ్చరికలు 4 నుంచి 1 దాకా అంకెల్లో ఇస్తారు. 4 అంటే మామూలు రోజు, 1 అంటే గాలి మీద పడబోతోంది, గది దాటొద్దు. అంకె తగ్గేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. మన రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల లెక్కకు ఇది తలకిందులు. ప్రయాణ బీమా తీసుకుంటే అందులో తుపాను వల్ల ఆలస్యం చేర్చారో లేదో చూసుకోండి.

శాకాహారులకు తిండి దొరుకుతుందా?

అన్నం దొరుకుతుంది. అక్కడివాళ్ళ ప్రాణం అన్నమే, అదే మనకు సగం ధైర్యం. పండగ భోజనాల్లో ఎర్రన్నం తప్పనిసరి. ఆ ఎరుపు జాఫ్రా గింజలది. మన ఏజెన్సీ కొండల్లో గిరిజనులు పండించే జాఫ్రాయే. గింజలు నానబెట్టి పిసికిన నీళ్ళతో అన్నం వండుతారు. చూడటానికి శుద్ధ శాకాహారంలా ఉంటుంది కానీ చాలామంది అందులో బేకన్ (పంది మాంసం) ముక్కలు వేయించి కలుపుతారు. అడగకుండా తినొద్దు.

నంజుకోవడానికి ఫినాదెనీ అని ఒకటి ఇస్తారు. సోయా సాస్‌లో నిమ్మరసమో వెనిగరో పోసి, ఉల్లిముక్కలు, డొన్నే అనే చిన్న మిరపకాయలు వేస్తారు. ఆ మిరపకాయ చూడటానికి చిన్నదే, గుంటూరు వాళ్ళు కూడా కాస్త జాగ్రత్తగా కొరకాలి. తీతియాస్ అనే రొట్టెలు మొక్కజొన్నపిండితోనో గోధుమపిండితోనో చేస్తారు, కొబ్బరిపాలు పోసి చేసినవి మెత్తగా ఉంటాయి. సీమ పనసకాయను ఉడికించి, కాల్చి, చిప్స్‌గా వేయించి తింటారు.

మాంసాహారులు కెలాగ్వెన్ తినకుండా రావద్దు. నిప్పుల మీద కాల్చిన కోడిని సన్నగా తరిగి, నిమ్మరసం, పచ్చికొబ్బరి కోరు, ఉల్లి, మిరప కలిపి చల్లగానే పెడతారు. హగాట్న్యాలోని చమోరో విలేజ్‌లో బుధవారం రాత్రి జరిగే సంతలో ఇవన్నీ ఒకే చోట దొరుకుతాయి. మిగిలిన రోజుల్లో శాకాహారులకు కొరియా, జపాన్ హోటళ్ళకంటే సూపర్‌మార్కెట్, గదిలో చిన్న వంటిల్లు మేలు. చేపల సాస్, రొయ్యల పొడి లేని కూర అని నమ్మకంగా చెప్పేవాళ్ళు తక్కువ.

అక్కడ కూడా తాంబూలం వేస్తారని విన్నాం. నిజమా?

నిజమే. వక్కను పుగువా అంటారు, తమలపాకును పుపులు అంటారు, సున్నం రాసుకుని నములుతారు. ముసలివాళ్ళే కాదు, చావు ఇంట్లో, పెళ్ళి ఇంట్లో కుర్రాళ్ళు కూడా వేస్తారు. ఎవరైనా వక్క చేతిలో పెడితే మనల్ని ఇంటిమనిషిలా చూశారని అర్థం. అలాగని ఇక్కడి నుంచి తమలపాకులు కట్ట కట్టి తీసుకెళ్ళొద్దు. పచ్చి ఆకులు క్వారంటైన్ దగ్గర చెత్తబుట్టలోకి పోతాయి.

డబ్బు, టిప్పు, ధరలు?

అమెరికా డాలరే. దుకాణంలో బిల్లు మీద అమ్మకపు పన్ను వేయరు. సుంకం లేని రేవు కాబట్టి తుమోన్‌లో ఖరీదైన బ్యాగుల కొట్లు కనిపిస్తాయి. గది అద్దె మీద మాత్రం 11 శాతం పన్ను ఉంటుంది. చాలా రెస్టారెంట్లు 10 శాతం సర్వీస్ చార్జీ బిల్లులోనే కలుపుతాయి. బిల్లు చదవకుండా అమెరికా అలవాటులో మళ్ళీ 20 శాతం పెట్టి రావొద్దు. పాలు, కూరగాయలు, బియ్యం దాకా ఓడలో రావాలి కాబట్టి ధరలు హవాయి ధరల్లాంటివే అనుకుని బయల్దేరండి.

కారు అద్దెకు తీసుకోవాలా?

తీసుకోండి. తుమోన్ హోటళ్ళకూ మాల్స్‌కూ మధ్య ట్రాలీ బస్సులు తిరుగుతాయి, అది దాటితే ప్రజా రవాణా నామమాత్రం, టాక్సీ ఖరీదు. కుడివైపు నడపాలి. చాలా రోడ్ల మీద వేగ పరిమితి గంటకు 35 మైళ్ళే, తొందరపడినా లాభం లేదు. వాన పడితే మరింత నెమ్మదించండి. ఇక్కడి రోడ్లలో కంకర బదులు పగడపు రాయి పొడి ఎక్కువ, తడిస్తే సబ్బు రాసినట్టు జారుతుంది. ఇండియా లైసెన్సు ఉన్నవాళ్ళు అంతర్జాతీయ పర్మిట్ కూడా తెచ్చుకుని, ముందుగానే అద్దె కంపెనీకి మెయిల్ పెట్టి ఒప్పుకుంటారని రాయించుకోండి.

ఏం చూడాలి?

తుమోన్ బీచ్‌లో రెండు రోజులు పడుకుని తిరిగొచ్చేవాళ్ళే ఎక్కువ. నా ఉద్దేశంలో గువామ్ దక్షిణంలో ఉంది. ఒక పూర్తి రోజు కారుకు కేటాయించండి. హగాట్న్యాలో లాత్తే రాళ్ళు చూసి మొదలుపెట్టండి. స్తంభం మీద గిన్నె బోర్లించకుండా పెట్టినట్టుండే ఈ రాళ్ళే పాత చమోరో ఇళ్ళకు పునాదులు. తర్వాత ఆసన్ తీరం, 1944లో సైనికులు దిగిన చోటు, ఇప్పుడు జాతీయ చారిత్రక పార్కు. పచ్చిక, కొబ్బరిచెట్లు, పిల్లల గాలిపటాలు తప్ప యుద్ధం ఆనవాలు ఒక పట్టాన కనపడదు.

అక్కడి నుంచి కొండదారి. కుడివైపు సముద్రం, ఎడమవైపు లామ్‌లామ్ కొండ. ఎత్తు 406 మీటర్లే, అయినా స్థానికులు దాన్ని ప్రపంచంలోకెల్లా ఎత్తైన కొండ అంటారు. పక్కనే ఉన్న మరియానా అగాధం అడుగు నుంచి కొలవాలట! ఆ అగాధంలో అత్యంత లోతైన చోటు దాదాపు 11 కిలోమీటర్లు, అది గువామ్‌కు నైరుతిలో మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది కాబట్టి ఈ లెక్కను గొప్పలుగానే తీసుకోవాలి. హుమాటక్ ఊరి పైన స్పెయిన్ కాలపు సోలెదాద్ కోట ఉంది, కింద అఖాతం మొత్తం కనిపిస్తుంది. ఇంకా ముందుకు వెళితే ఇనలాహన్‌లో నల్లరాళ్ళ మధ్య సహజంగా ఏర్పడ్డ ఈతకొలను.

తిరుగుదారిలో తాలోఫోఫో వస్తుంది. షొయిచి యొకోయి అనే జపాన్ సైనికుడు ఈ అడవిలో భూమిలో తవ్వుకున్న బొరియలో దాక్కుని బతికాడు. 1944లో దాక్కున్నవాడు 1972 జనవరిలో రొయ్యలు పట్టుకుంటూ ఇద్దరు స్థానికుల చేతికి చిక్కాడు. వృత్తికి దర్జీ, అడవిలో చెట్టు నారతో బట్టలు నేసుకుని కుట్టుకున్నాడు. తాలోఫోఫో జలపాతం దగ్గర చూపించేది అసలు బొరియ కాదు, నమూనా.

డైవింగ్ వచ్చినవాళ్ళకు అప్రా రేవు ఒక వింత. 1917లో జర్మన్లు తామే ముంచేసుకున్న కోర్మొరాన్, 1943లో మునిగిన జపాన్ ఓడ తోకాయి మారు, నీళ్ళ అడుగున ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. చెరో చెయ్యి చాచి రెండు ప్రపంచయుద్ధాలనూ ఒకేసారి తాకొచ్చు.

ఈత రాదు. సముద్రంలో దిగొచ్చా?

తుమోన్‌లో పగడపు దిబ్బ లోపల నీళ్ళు నడుం లోతు, మరకత పచ్చ. పిల్లలు కూడా దిగొచ్చు. దిబ్బ అంచు దాటితే అగాధమే, ప్రవాహం లాగేస్తుంది. ఎర్రజెండా ఉంటే ఒడ్డునే కూర్చోండి. కాళ్ళకు రబ్బరు చెప్పులు వేసుకోండి, పగడం కోస్తే పుండు తొందరగా మానదు. ఉత్తరాన రిటీడియన్ బీచ్ చాలా అందంగా ఉంటుంది, కానీ అక్కడ నీళ్ళు ప్రమాదకరం.

పాములు ఎక్కువట కదా?

ఎక్కువే, కానీ మీకు కనపడవు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత సైనిక సామాను మధ్య గోధుమరంగు చెట్టుపాము వచ్చి పడింది. దాన్ని తినేవి ఇక్కడ లేవు. అది మాత్రం దీవిలోని 12 రకాల అడవి పక్షుల్లో 10 రకాలను ఊడ్చేసింది. ఇప్పుడు అడవిలోకి వెళితే పిట్ట కూత వినపడదు, ఎటు చూసినా సాలెగూళ్ళే. పాము రాత్రి తిరుగుతుంది, విషం స్వల్పం, పెద్దవాళ్ళకు ప్రాణాపాయం లేదు. కరెంటు తీగలెక్కి సరఫరా ఆపేయడం దాని అలవాటు. చచ్చిన చిట్టెలుకల్లో పారాసెటమాల్ పెట్టి హెలికాప్టర్ల నుంచి అడవి మీద జారవిడుస్తారు. మన జ్వరం బిళ్ళే ఆ పాముకు విషం.

కొబ్బరిచెట్ల మొవ్వుల్లో ఆకులు కత్తెరతో కత్తిరించినట్టు కనిపిస్తే కోనసీమ వాళ్ళు వెంటనే గుర్తుపడతారు. కొమ్ము పురుగే! 2007లో ఇక్కడ బయటపడింది. వేరేచోట్ల దాన్ని అదుపు చేసే వైరస్‌కు ఇక్కడి రకం లొంగడం లేదు.

మర్యాదలు ఏమైనా పాటించాలా?

ఎదురుపడితే ‘హాఫా డే’ అనండి, నమస్కారం లాంటిది. పెద్దవాళ్ళ కుడిచెయ్యి అందుకుని ముక్కుకు తాకించుకోవడం వాళ్ళ పద్ధతి, మనం కాళ్ళకు దణ్ణం పెట్టినట్టు. బయటివాళ్ళు చేయకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. బీచ్ బట్టలతో చర్చిలోకి మాత్రం వెళ్ళకండి.

అడవిలో, ముఖ్యంగా నునూ అనే మర్రిజాతి చెట్ల దగ్గర, తావ్‌తావ్‌మోనా అనే పూర్వీకుల ఆత్మలుంటాయని నమ్మకం. లోపలికి అడుగుపెట్టే ముందు ‘గ్వెల్లా యన్ గ్వెల్లో’, అంటే అమ్మమ్మా తాతయ్యా అని పిలిచి అనుమతి అడుగుతారు. మర్రిచెట్టు కింద మూత్రం పోయొద్దని మా అమ్మమ్మ చెప్పిన మాటే అక్కడా వినిపించింది. నవ్వకండి, మీరూ అనుమతి అడగండి.

ఫోటోలు, డ్రోన్?

దీవిలో పావు వంతుకు పైగా భూమి సైన్యానిది. ఉత్తరాన ఆండర్సన్ వైమానిక స్థావరం, నైరుతిలో నౌకాస్థావరం. గేట్ల వైపు కెమెరా తిప్పొద్దు. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి.

ప్లగ్గు?

అమెరికా ప్లగ్గు, 110 వోల్టులు. మన మిక్సీ, కరెంటు కుక్కర్ పనిచేయవు.

మద్యం, గంజాయి?

మద్యానికి 21 ఏళ్ళు నిండాలి. 2019 నుంచి స్థానిక చట్టం పెద్దలకు గంజాయిని అనుమతిస్తోంది. ఫెడరల్ చట్టం అనుమతించదు. వీసా మీద ఉన్నవాళ్ళను ప్రశ్నించేది ఫెడరల్ అధికారులే కాబట్టి ఆ వైపు చూడకండి.

పచ్చళ్ళు, పొడులు తీసుకెళ్ళొచ్చా? తిరిగి వచ్చేటప్పుడు?

సీలు వేసిన ఆవకాయ, గోంగూర, కంది పొడి మామూలుగా ఇబ్బంది పెట్టవు, ఫారంలో రాసి చూపించండి. చికెన్, మటన్ పచ్చళ్ళు, మామిడిపళ్ళు, కరివేపాకు, విత్తనాలు వద్దు. పాము, పురుగు చేసిన నష్టం చూశాక అక్కడి క్వారంటైన్ వాళ్ళు ఎందుకంత పట్టుదలగా ఉంటారో అర్థమవుతుంది. వెనక్కి వచ్చేటప్పుడూ అంతే. హవాయి వైపు వెళ్ళే సరుకును కుక్కలతో వాసన చూపించి మరీ పాముల కోసం వెతుకుతారు, ప్రయాణికుల సంచుల్లో పళ్ళు, మొక్కలు ఉన్నాయేమో చూస్తారు. ఇమిగ్రేషన్ వరస కూడా ఉంటుంది కాబట్టి హొనొలులు విమానానికి మూడు గంటల ముందు చేరుకోండి.